అద్దమునకు ఆవల

నూతిలోనికి వంగి కేకవేయని పిల్లవాడు పల్లెలో ఉండడు. తాను వేసిన కేక లోతు నుండి బరువెక్కి, ఒకింత ఆలస్యముగా, మరియొకరి గొంతువలె తిరిగివచ్చుట వానికి వింత. ఆ పిల్లవాడే గుడి మండపములో పాడినచో పాట స్తంభముల నడుమ కొంతసేపు తిరుగాడి మెల్లగా అణగిపోవును. మామిడితోటలో పాడినచో పెదవి దాటిన వెంటనే గాలిలో కలసిపోవును. గొంతు ఒక్కటే, వినవచ్చిన పాటలు మూడు. చెవికి చేరు ధ్వనిలో గాయకునితోపాటు గోడలకును, నీళ్లకును, రాళ్లకును కూడ భాగము కలదని ఆ పిల్లవానికి శాస్త్రము చదువకయే తెలియును.

సంగీతమును పట్టి నిలుపు శాలను కట్టువారు మొట్టమొదట చేయు పని ఈ గోడల నోరు మూయించుట. గోడలకు సన్నని రంధ్రములు గల పలకలు బిగించి, వాని వెనుక ధ్వనిని పీల్చుకొను మెత్తని సరుకు కూరుదురు. తలుపులు ఒకదాని వెనుక ఒకటిగా రెండేసి పెట్టుదురు. ఎదురెదురు గోడలు సమాంతరముగా లేకుండ కట్టుటయు కలదు. ఏలయన, సమాంతరములైన గోడల నడుమ ధ్వని బంతివలె అటునిటు ఎగురుచుండును. అట్టి గదిలో మొదటిసారి అడుగిడినవారికి చెవులు దిబ్బడవేసినట్లు తోచును. తమ శ్వాస తమకే వినబడి కొందరు బెదరుటయు కలదు. ఒక గోడలో రెండు పొరల పెద్ద అద్దము ఉండును. దాని ఆవలి గదిలో, వరుసవరుసలుగా మీటలు గల బల్ల ముందు, శబ్దగ్రాహకుడు కూర్చుండును. పాట వ్రాసినవారి పేరును, వరుస కట్టినవారి పేరును, పాడినవారి పేరును లోకమునకు తెలియును. అద్దమునకు ఆవల కూర్చున్నవాని పేరు అడుగువారు అరుదు.

ఈ విద్య అద్దమే లేని కాలమున పుట్టినది. 1902వ సంవత్సరమున గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి, ఒక హోటలు గదిలో తన పరికరములను అమర్చి, గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాటలను పట్టెను. అప్పటికి మైకు లేదు. పెద్ద రేకు గరాటు ఒకటి ఉండెడిది. దాని సన్నని కొసయందు పలుచని పొర, ఆ పొరకు ఒక సూది. గొంతు బలము ఒక్కటే ఆ పొరను కదిలింపవలెను, ఆ సూది చేత పలకపై గీత గీయింపవలెను. కావున గాయకులు గరాటు నోటికి దగ్గరగా నిలిచి గట్టిగా పాడవలసివచ్చెడిది. తారస్థాయికి పోవునపుడు తలను వెనుకకు తీసికొనవలెను, మంద్రమునకు దిగునపుడు ముందునకు వంగవలెను. పలకపై పట్టునది రమారమి 3 నిమిషముల పాట మాత్రమే. కచేరీలో గంటసేపు సాగు రాగమును గౌహర్ జాన్ ఆ 3 నిమిషములలో ఇమిడ్చి, చివర తన పేరును ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పి ముగించెడిది. ఆ పలకలు ఓడపై జర్మనీకి పోయి అచ్చట అచ్చగుచుండెను. ఏ పలక ఎవరిదో అచ్చటి పనివారికి తెలియవలెనుగదా!

హెచ్చుతగ్గులు చేయుటకు మీట లేని ఆ దినములలో దూరమే మీట. గాయని ఎచ్చట నిలువవలెను, సారంగి ఎచ్చట, తబలా ఎంత వెనుకగా అని నిర్ణయించుటతోనే నేడు మిక్సింగు అనబడు పని ముగిసెడిది. 1925 ప్రాంతమున విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చెను. దానితో గొంతు చించుకొనవలసిన అగత్యము తీరెను. గుసగుసను కూడ పట్టగల సాధనము దొరకినందున, మృదువుగా పాడువారికి మొదటిసారిగా మర్యాద కలిగెను. ఒకటికి మించిన మైకులు పెట్టి, ఒక్కొక్కదాని బలమును వేరువేరుగా మార్చు వీలు ఏర్పడెను. శబ్దగ్రాహకునికి మీటల బల్ల అట్లు లభించినది.

అయినను ఆ మైకులన్నిటి ధ్వని చివరకు ఒకే రేఖగా కలసి నిలిచెడిది. ఒకసారి కలసిన పిమ్మట విడదీయుట, మజ్జిగలో పోసిన నీటిని విడదీయుట వంటిది. మదరాసు స్టూడియోలలో తెలుగు సినిమా పాటలు పెక్కేండ్లు ఈ విధముగనే తయారయ్యెను. పెద్ద పాట అయినచో వాద్యకారులే నలుబది, ఏబదిమంది. వయొలినులు వరుసలు తీరి కూర్చుండును. పెద్ద చప్పుడు చేయు డోళ్లు వెనుక మూలకు పోవును. వీణకు, వేణువునకు మైకును చేరువగా ఉంచుదురు. గాయనీగాయకులు ఒక ప్రక్కన నిలుతురు. ఉదయమంతయు అభ్యాసము. పిదప ఎర్రదీపము వెలుగును, తలుపులు మూసికొనును, పాట మొదలగును. మొదటి స్వరము నుండి చివరి స్వరము వరకు అందరును ఒక్కతూరి తప్పులేకుండ పూర్తిచేయవలెను. ఒకరు తప్పినచో అందరును మరల మొదటినుండి.

ఇందులో గాయకుని భయము అందరెరిగినదే. కాని అంతకంటె జాలిగొలుపువాడు మరియొకడు. పాటంతటిలో చివరి చరణమునకు ముందు ఒక్క గంట కొట్టవలసినవాడు. వానికి వేరు పని లేదు. నాలుగు నిమిషములు కర్ర చేతబట్టి, లెక్క తప్పకుండ కాచుకొని ఉండవలెను. వాడు అరక్షణము తొందరపడినచో అప్పటివరకు అమోఘముగా పాడిన గొంతు, చెమటోడ్చి వాయించిన నలుబది విల్లులు, అన్నియు వృథా. గంటకొట్టుట సులువైన పని యనువారు అట్టి కుర్చీలో ఒకనాడు కూర్చుండి చూడవలెను.

1957లో వెలువడిన ‘మాయాబజార్’ పాటలను ఎరుగని తెలుగువాడు లేడు. ఆ చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావుగారు మొదట నాలుగు పాటలకు వరుసలు కూర్చి తప్పుకొనగా, వానికి వాద్యములు సమకూర్చి పట్టించు పనిని, తక్కిన సంగీతమును ఘంటసాల వేంకటేశ్వరరావుగారు నిర్వహించిరి. అందులో ఒక పాట కుదురుటకు 28 మారులు పాడవలసివచ్చినదని పి. లీలగారు తరువాతికాలమున చెప్పుకొనిరి. ఇరువది యేడు మారులు పాడిన పాటను పారవేసి, మరల అదియే మొదటిసారి అన్నంత తాజాగా ఎత్తుకొనుట ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును. వెన్నెలలో పడవపై తేలుచు పాడినట్లు తోచు పాటలు అట్టి గదులలో పుట్టినవే. ఆ చిత్రమున శబ్దగ్రహణము చేసినవారు ఎ. కృష్ణన్, శివరామ్. తెరపై వారి పేర్లు వచ్చు క్షణమున ప్రేక్షకుడు సాధారణముగా తన కుర్చీ వెదకికొనుచుండును.

ఇంతలో టేపు వచ్చెను. ఇనుపతుప్పు వంటి పొడిని పూసిన సన్నని పట్టీపై ధ్వనిని అయస్కాంతపు గుర్తులుగా నిలుపు ఈ యంత్రమును జర్మనీలో 1930వ దశకమున రూపొందించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అది తక్కిన దేశములకు ప్రాకెను. దీనికి రెండు గుణములు కలవు. బాగుగా వచ్చిన భాగమును బ్లేడుతో కోసి మరియొక భాగమునకు అతుకవచ్చును. అక్కరలేనిదానిని చెరపి అదే టేపుపై వేరొక పాటను పట్టవచ్చును. టేపు ఖరీదైన వస్తువు. కావున చెరపుట ఆ శాలలలో నిత్యకృత్యము.

అమెరికాలో లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు ఒక అడుగు ముందునకు వేసెను. తాను ఒకసారి వాయించినదానిని వినుచు, దానిపై తానే మరియొకసారి వాయించి, ఒక్కడే ఒక బృందమయ్యెను. ఒకే టేపుపై 8 రేఖలను ప్రక్కప్రక్కన పట్టగల యంత్రమును ఆయన 1957లో తెప్పించుకొనెను. లండనులోని ఆబీ రోడ్డు వీధియందు 1931లో తెరచిన స్టూడియోలో, లివర్‌పూల్ నుండి వచ్చిన బీటిల్స్ అను నలుగురు యువకులు 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్కదినమున 10 పాటలు పాడిపోయిరి. నాలుగేండ్ల తరువాత అదే శాలలో అదే నలుగురు ఒక్కొక్క పాటకు దినములకొలది కూర్చుండిరి. అక్కడి టేపుపై రేఖలు నాలుగే. అవి నిండగానే నాలుగింటిని కలిపి మరియొక టేపుపై ఒకే రేఖగా ఎక్కించి, మిగిలిన మూడింటిపై మరల క్రొత్త వాద్యములను చేర్చిరి. కలిపినది ఇక విడదు గనుక, పాట పూర్తికాకముందే దానిలోని సగము విషయములపై తీర్పు చెప్పవలసివచ్చెడిది. నేటి యంత్రములలో వందల రేఖలు కలవు. తీర్పును రేపటికి వాయిదావేయు సౌకర్యము దండిగా దొరకినది. అది సౌకర్యమో ఆటంకమో ఆ పనిలో ఉన్నవారికే తెలియును.

రేఖలు వేరువేరుగా నిలిచినందున వానిని కలుపుట ప్రత్యేకమైన విద్య అయ్యెను. మిక్సింగు అనగా అన్నిటిని ఒక పాత్రలో పోసి కలియబెట్టుట యని క్రొత్తవాడు తలచును. వాడు చేయు మొదటి తప్పు ఒక్కటే. గాత్రము సరిగా వినబడుట లేదని గాత్రమును పెంచును. అంత మృదంగము చిన్నబోవును, దానిని పెంచును. వేణువు మునుగును, దానిని కూడ పెంచును. గడియ గడచునప్పటికి మీటలన్నియు పైకంటును, బల్లపైనున్న ముల్లు ఎర్రగీతను కొట్టుకొనుచుండును, గాత్రము మాత్రము మొదట ఉన్నచోటనే ఉండును. కూరలో ఉప్పు ఎక్కువైనదని పులుపు, పులుపు ఎక్కువైనదని కారము వేసికొనుచు పోయిన వంట వంటిది ఇది.

చేయి తిరిగినవాడు పెంచుటకు ముందు వెదకును. గాత్రమును కప్పివేయుచున్నది ఎవరు? ఇందలి కిటుకు చెవి నిర్మాణములోనే కలదు. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 కంపనముల మొదలు 20,000 కంపనముల వరకు గల ధ్వనులను వినగలదు. ఇంచుమించు ఒకే కంపన సంఖ్య గల రెండు ధ్వనులు ఒక్కతూరి వచ్చినచో, బలమైనది బలహీనమైనదానిని కప్పివేయును. పురుషుని గొంతును, వీణ మంద్రతంతులును ఒకే పరిధిలో తిరుగాడును. అట్టిచోట గాత్రమును పెంచనక్కరలేదు. వీణ ధ్వనిలో ఆ పరిధికి చెందిన భాగమును మాత్రము కొంచెము తగ్గించినచో చాలును. వీణ వీణగానే వినబడును, గాత్రము దానంతటది ముందునకు వచ్చును. ఇరుకు అరుగుపై కూర్చున్నవారిలో ఒకరిని ‘కొంచెము జరుగుడు’ అని అడిగినట్టి పని ఇది. జరిగినవారికి నష్టము లేదు, క్రొత్తగా వచ్చినవారికి చోటు దొరకినది.

పలుకు విషయమున తెలుగు శ్రోత మరింత పట్టుదల గలవాడు. వయొలినులు కొంచెము వెనుకబడినను క్షమించును గాని, మాట వినబడకున్న క్షమింపడు. ‘ప’, ‘ఫ’ అను అక్షరములు పలుకునపుడు నోటినుండి వెలువడు గాలి మైకును తాకి దబ్బుమనును. ‘స’, ‘శ’ అనునవి సన్నని ఈలవలె చెవిని గీరును. అందుచేత మైకునకు గాయకుడు కొంచెము ఏటవాలుగా నిలుచును, నడుమ పలుచని గుడ్డ తెర ఉంచుదురు. ఈలను మాత్రము తగ్గించి మాటలోని పదునును కాపాడుట శబ్దగ్రాహకుని వంతు. మితిమీరి తగ్గించినచో గాయకునికి నత్తి వచ్చినట్లుండును.

స్థానములు కుదిరిన పిమ్మట, మొదట నోరు మూయించిన గోడలను మరల పిలుచుకొనివత్తురు. పొడిగా పట్టిన గొంతు మామిడితోటలోని గొంతువలె నిరాధారముగా ఉండును. దానికి మండపము కావలెను. పూర్వము పెద్ద స్టూడియోలలో దీనికై నున్నని గోడలు గల ఖాళీ గది ఒకటి ఉండెడిది. పట్టిన పాటను ఆ గదిలో ఒక స్పీకరు ద్వారా వినిపించి, గదిలో మ్రోగిన ప్రతిధ్వనిని మైకుతో పట్టి అసలు పాటకు తగుమాత్రము కలిపెడివారు. 1957లో జర్మనీవారు గదికి బదులు రెండు మీటర్ల పొడవు గల పలుచని ఉక్కురేకును చట్రములో వ్రేలాడదీసి, దానిని కంపింపజేసి అదే పని సాధించిరి. నేడు కంప్యూటరు ఏ మండపమునైనను లెక్కలతో కట్టిపెట్టును. ఎంత కలపవలెనో మాత్రము అది చెప్పజాలదు. ఎక్కువైనచో గాయకుడు నూతిలో పడినట్లుండును.

ఈ పనికి పనిముట్టు చెవియే. చెవి నమ్మదగిన సాక్షి కాదు. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండవసారి కొంచెము బిగ్గరగా వినిపించినచో, రెండవది మేలని చాలమంది అందురు. మార్చినది బిగ్గరతనము మాత్రమే. ధ్వని తగ్గినకొలది చెవికి మంద్రస్వరములు త్వరగా సన్నగిల్లునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొలతలతో చూపిరి. కావున బిగ్గరగా వినుచు సరిచేసిన పాట ఇంటిలో మెల్లగా విన్నపుడు చప్పగా ఉండవచ్చును. అనుభవజ్ఞులు ఎక్కువభాగము తక్కువ ధ్వనితోనే పనిచేయుదురు. ఖరీదైన స్పీకరులను ఆపివేసి, అరచేతి వెడల్పు చిన్న స్పీకరులో కూడ విని చూతురు. పాట చేరవలసినది టీకొట్టులోని రేడియోకును, లారీ డ్రైవరు చెవికిని గదా! రాత్రి అద్భుతమని తోచినదానిని ఉదయము మరల వినకుండ బయటికి పంపరు. అలసిన చెవి తన అలసటను తాను ఎరుగదు.

1997లో అపస్వరమును స్వరస్థానమునకు లాగి సరిచేయు కంప్యూటరు సాధనము వచ్చెను. గాయకుని తప్పును దిద్దుట పాపమేమియు గాదు. 28 మారులు పాడిన తరమువారు అట్టి సాధనము దొరకినచో కొంత సంతోషించియే యుందురు. చిక్కు మరియొకచోట కలదు. హార్మోనియము మెట్లవలె స్వరములు విడివిడిగా ఉండునని ఆ యంత్రము తలచును. మన సంగీతమున గమకము రెండు స్వరముల నడుమనే బ్రతుకును. ఊగుచున్న గాంధారమును యంత్రము తప్పని ఎంచి, పట్టుకొని తిన్నగా నిలబెట్టును. తప్పు పోవును, దానితో రాగమును పోవును. ఇది తప్పు, ఇది గమకము అని చెప్పవలసినవాడు ఇప్పటికిని అద్దమునకు ఆవలివాడే. గాయకుడు పాదముల నడుమ తీసికొను ఊపిరి సంగతియు ఇట్టిదే. దానిని కోసివేయుట క్షణకాలపు పని. కోసినచో పాట శుభ్రపడును. పాడినది మనుష్యుడన్న గుర్తు ఒకటి తగ్గును.

నేడు గాయకుడు ఒకనాడు ఒక్కడే వచ్చి పాడిపోవును. వేణువు మరునాడు, వయొలినులు మరియొక ఊరిలో. ఒకరి ముఖము ఒకరు చూడరు. గంటకొట్టువాని భయము తీరిపోయినది; వాని జీతము కూడ పోయినది. వాని గంట కంప్యూటరు పెట్టెలో ఒక మీట అయినది. మదరాసు శాలలలో పెద్ద వాద్యబృందములు కూర్చుండి వాయించుట క్రమముగా అరుదయినది. అచ్చట బ్రతుకు గడపిన వాద్యకారులకు ఆ ఎర్రదీపపు క్షణములోని బెదరును ఎవ్వరికైన వర్ణించి చెప్పుట కష్టము. నలుబదిమందియు ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దము ఏ రేఖపైనను నమోదు కాలేదు.

టేపుల కాలమున అద్దమునకు ఆవలివానికి మరియొక అధికారము ఉండెడిది. పట్టిన పాటను ఉంచుటయు, చెరపుటయు. 1966 డిసెంబరులో మదరాసులో ఇంజనీరింగు చదువుచున్న ఒక యువకుడు తన మొదటి సినిమా పాటను పాడెను. పాటలోని తక్కిన గొంతులు పి. సుశీల, పి. బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యగారలవి. చిత్రము పేరు ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, సంగీత దర్శకుడు ఎస్. పి. కోదండపాణి. ఆ యువకుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము. పాటను ఫిల్ముపైకి ఎక్కించిన పిమ్మట టేపును చెరపి మరియొక పాటకు వాడుకొనుట ఆనాటి పద్ధతి. కోదండపాణిగారు అద్దము వెనుకకు పోయి, దీనిని ఒక్క సంవత్సరము చెరపకుడని శబ్దగ్రాహకుని కోరిరట. ఇతర సంగీత దర్శకులు ఆ శాలకు వచ్చినపుడు ఈ క్రొత్త గొంతును వినిపించుటకు ఆ టేపు ఉండవలెనని ఆయన కోరిక. బాలసుబ్రహ్మణ్యముగారు ఈ సంగతిని తన జీవితమున పలుమారులు చెప్పుకొనిరి.

శబ్దగ్రాహకుడు అట్లే ఉంచెను. వచ్చినవారు వినిరి. తరువాత చెన్నైలో తనకు సొంతముగా ఒక శబ్దగ్రహణశాల ఏర్పడినపుడు, బాలసుబ్రహ్మణ్యముగారు దానికి కోదండపాణిగారి పేరు పెట్టిరి.